ట్రాన్సిస్టర్ తాత ఒక సీసపు రాయి

ట్రాన్సిస్టర్ ఎప్పుడు పుట్టిందని అడిగితే ఎవరైనా 1947 డిసెంబరు అనే చెబుతారు. నన్నడిగితే ఆ కథ అంతకు 73 ఏళ్ల ముందే, జర్మనీలోని లైప్‌జిగ్‌లో, ఒక బడిపంతులు చేతుల్లో మొదలైంది. ఆయన పేరు ఫెర్డినాండ్ బ్రౌన్. 1874 నాటికి 24 ఏళ్లవాడు. గెలీనా వంటి లోహ సల్ఫైడు రాళ్లకు సన్నని తీగ మొన ఆనించి కరెంటు పంపి చూశాడు. ఒకవైపు బాగా పారింది. తీగలు తిరగేస్తే సరిగా పారలేదు. వోల్టేజి పెంచినంత నిష్పత్తిలో కరెంటు పెరగనూ లేదు. ఓమ్ సూత్రం ప్రకారం గ్రాఫు మీద తిన్నని గీత రావాలి, ఇక్కడేమో వంపు తిరిగింది. ఆ వంపు దేనికి పనికొస్తుందో అప్పుడెవరికీ తెలియదు. రేడియో అన్నదే ఇంకా లేదు.

గెలీనా సీసం తీసే ఖనిజం. మన వినుకొండ దగ్గర అగ్నిగుండాల గనుల్లో తవ్వినదీ అదే. బూడిద రంగులో ఉంటుంది, పగలగొడితే చిన్న చిన్న ఘనాలుగా విడిపోయి తళతళ మెరుస్తుంది. ఆ రాయితో విద్యుత్ తరంగాలను పసిగట్టవచ్చని పేటెంటు తీసుకున్నవాడు కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన జగదీశ్ చంద్ర బోస్. 1901లో అమెరికాలో దరఖాస్తు పెడితే 1904లో మంజూరైంది. విజ్ఞానాన్ని సొంత ఆస్తి చేసుకోవడం బోస్‌కు గిట్టదు. సారా బుల్ అనే అభిమాని పట్టుబట్టబట్టే ఆ కాగితమైనా మనకు మిగిలింది. ఆమెకు మనం రుణపడి ఉన్నాం.

ఇంతకీ పసిగట్టడమంటే ఏమిటి? ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ అంటే, యాంటెన్నాలో కరెంటు సెకనుకు 8,37,000 సార్లు అటూ ఇటూ ఊగుతుందని. వార్తలు చదివే గొంతు ఆ ఊపుల హెచ్చుతగ్గుల్లో ఉంటుంది. అటు ఎంత ఊగితే ఇటూ అంతే కాబట్టి, నేరుగా ఇయర్‌ఫోనుకు కలిపితే చెల్లుకు చెల్లు, ఏమీ వినపడదు. ఒక పక్క ఊపుల్ని కత్తిరించేస్తే, మిగిలినవాటి సగటు గొంతుతో పాటు పెరుగుతూ తగ్గుతూ సాగుతుంది. ఈ కత్తిరింపే డిటెక్షన్. బ్రౌన్ చూసిన వంపు సరిగ్గా ఈ పనే చేస్తుంది.

1906లో అమెరికాలో పికార్డ్ అనే ఆయన సిలికాన్ డిటెక్టరుకు పేటెంటు పొందాడు. అప్పటినుంచి ఇళ్లలో రేడియో వినేవాళ్లు రాయి మీద తీగ మొనను అటూ ఇటూ జరుపుతూ, పలికే చోటు వెతుక్కునేవారు. తర్వాత గాజు గొట్టాల వాల్వులొచ్చి రాళ్లను మూలన పడేశాయి. వాటిని వెనక్కి తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. రాడార్ వాడే సెంటీమీటర్ల తరంగాల ఊపుల వేగాన్ని అప్పటి వాల్వులు డిటెక్టరుగా అందుకోలేకపోయాయి. తీగ మొన ఆనించిన సిలికాన్ అందుకుంది. దాంతో సిలికాన్‌ను, జెర్మేనియంను శుద్ధి చేయడం యుద్ధ అవసరమైపోయింది. ఆ శుద్ధి పనుల్లోనే 1940లో బెల్ ల్యాబ్స్‌లో రస్సెల్ ఓల్ చేతికి పగులున్న ఒక సిలికాన్ ముక్క చిక్కింది. వెలుతురు పడగానే అందులో వోల్టేజి పుట్టింది. రెండు రకాల సిలికాన్ కలిసే చోటైన పీ-ఎన్ జంక్షన్ అలా బయటపడింది.

1947 డిసెంబరులో అదే సంస్థలో జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెన్ చేసిన పరికరం ఫొటో ఒకసారి తీరిగ్గా చూడండి. ప్లాస్టిక్ త్రికోణం అంచుకు బంగారు రేకు అతికించి, మొన దగ్గర బ్లేడుతో సన్నగా కోసి, ఒక స్ప్రింగుతో జెర్మేనియం ముక్క మీదికి నొక్కారు. పాత క్రిస్టల్ రేడియోలో రాయి మీద ఒక మొన ఉండేది, ఇక్కడ రెండు మొనలు, వెంట్రుక మందమంత ఎడంలో. ఒక మొన దగ్గరి చిన్న కరెంటు రెండో మొన దగ్గరి పెద్ద కరెంటును శాసించింది. ట్రాన్సిస్టర్ డిటెక్టర్ వంశంలోదే అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. 1954 అక్టోబరులో వచ్చిన రీజెన్సీ టీఆర్-1 జేబు రేడియోలో 4 ట్రాన్సిస్టర్లుండేవి. గొంతు పట్టే పని మాత్రం జెర్మేనియం డయోడుదే. ధర 49.95 డాలర్లు.

ట్రాన్సిస్టర్ స్వయంగా డిటెక్టర్ కాలేదా? భేషుగ్గా అవుతుంది. మామూలు సిలికాన్ డయోడు తెరుచుకోవడానికి సుమారు 0.6 వోల్టు కావాలి. యాంటెన్నా ఇచ్చేది ఎక్కడో మిల్లీవోల్టుల్లో. అందుకని ట్రాన్సిస్టర్‌ను శాసించే కాలైన బేసుకు ముందే కాస్త కరెంటు ఇచ్చి ట్రాన్సిస్టర్‌ను వంపు దగ్గర నిలబెడతారు. అప్పుడు కత్తిరింపూ, గొంతు పెంచడమూ ఒకే చోట జరుగుతాయి.

అక్కడ నిలబెట్టడమే గండం. వేడి ఒక డిగ్రీ పెరిగితే, అదే కరెంటుకు కావలసిన బేసు వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. మరోవైపు బేసు వోల్టేజి 60 మిల్లీవోల్టులు పెరిగితే కరెంటు పదింతలవుతుంది. పొద్దున 25 డిగ్రీలున్న గది మధ్యాహ్నానికి 45 అయిందనుకోండి. బేసు వోల్టేజి కదలకుండా ఉంచితే కరెంటు నాలుగింతలు దాటిపోతుంది. సంకేతాన్ని పట్టే వంపే కరెంటును చేయి జారుస్తుంది. కరెంటును అదుపు చేసే సర్క్యూట్ల పుట్టుక ఇక్కడే.

అన్నిటికన్నా తేలికైన ఉపాయం, రెండో ట్రాన్సిస్టర్‌ను కాపలా పెట్టడం. మొదటిదాని ఎమిటర్ అనే కాలి కింద 600 ఓముల రెసిస్టర్ ఉంచి, దాని మీది వోల్టేజిని రెండోదాని బేసుకు ఇస్తారు. కరెంటు 1 మిల్లీఆంపు చేరేసరికి అక్కడ 0.6 వోల్టు వస్తుంది. రెండోది తెరుచుకుని, మొదటిదాని బేసుకు వెళ్లే కరెంటును తన వైపు లాగేసుకుంటుంది. ఇక కరెంటు పెరగదు.

అసలైన మలుపు 1965 ప్రాంతంలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో బాబ్ విడ్లార్ చేసిన పని. ఒకే చిప్పు మీద పక్కపక్కన పుట్టిన రెండు ట్రాన్సిస్టర్ల గుణం ఒకటే, వేడీ ఒకటే. రెండింటికీ ఒకే బేసు వోల్టేజి ఇస్తే ఒకదానిలో ఎంత కరెంటో రెండోదానిలోనూ అంతే. దీన్నే కరెంట్ మిర్రర్ అంటారు. విడ్లార్ రెండోదాని ఎమిటర్ కింద 12 కిలో ఓముల వంటి చిన్న రెసిస్టర్ పెట్టాడు. 1 మిల్లీఆంపు నుంచి 10 మైక్రోఆంపులు వచ్చాయి. కరెంటు వందో వంతు కావడానికి బేసు-ఎమిటర్ మధ్య 120 మిల్లీవోల్టుల తేడా చాలు మరి! 10 వోల్టుల నుంచి ఉత్త రెసిస్టర్‌తో ఆ పని చేయాలంటే మెగా ఓము కావాలి, చిప్పు మీద దానికి చోటెక్కడిది? ఇబ్బంది పెట్టే వంపుతోనే పని చేయించుకున్న ఈ ఆలోచన ముందు నాకు ఎప్పుడూ చేతులు జోడించాలనిపిస్తుంది. 1967లో టెక్ట్రానిక్స్ కంపెనీలో జార్జ్ విల్సన్, బ్యారీ గిల్బర్ట్ మూడే ట్రాన్సిస్టర్లతో మెరుగైన మిర్రర్ తెల్లారేసరికి ఎవరు తెస్తారో చూద్దామని పందెం వేసుకున్నారు. గెలిచింది విల్సన్. ఆ సర్క్యూట్ నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

డిటెక్షన్, కరెంటు అదుపు అనే ఈ రెండు పాయలూ కలిసి కనిపించే వస్తువు 1972లో ఇంగ్లండులో ఫెరాంటి కంపెనీ తెచ్చిన జెడ్‌ఎన్414. పైకి మూడు కాళ్ల ట్రాన్సిస్టర్‌లాగే ఉంటుంది, లోపల 10 ట్రాన్సిస్టర్లు. దాదాపు ఒక మీడియం వేవ్ రేడియో అంతా అందులోనే ఉంది. స్టేషన్ బలంగా ఉంటే అది తీసుకునే కరెంటు పెరుగుతుంది. బయటి రెసిస్టర్ మీద ఎక్కువ వోల్టేజి పడిపోయి, చిప్పుకు అందేది తగ్గుతుంది. దాంతో గొంతు దానంతట అదే అదుపులోకొస్తుంది. ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచేది.