స్టికీ బిట్: అంటుకున్న పేరు

యూనిక్స్‌లో టెంప్ డైరెక్టరీ అనుమతులు చూస్తే వరుస చివర ‘ఎక్స్’ ఉండాల్సిన చోట ‘టి’ కనిపిస్తుంది. దాని పేరు స్టికీ బిట్. అంటుకుపోయేది అని అర్థం. ఇప్పుడు అది చేసే పనికీ ఈ పేరుకీ పొంతన లేదు.

1974లో, యూనిక్స్ ఐదో ఎడిషన్‌లో, దీన్ని ప్రోగ్రాముల కోసం పెట్టారు. డిస్కు నుంచి ప్రోగ్రామును తేవడం అప్పట్లో చాలా నెమ్మది. ఈ బిట్ ఉన్న ప్రోగ్రాము పని ముగించినా, దాని కోడ్ భాగం స్వాప్ స్థలంలోనే అంటిపెట్టుకుని ఉండేది. మళ్లీ పిలిస్తే త్వరగా లేచేది. ఆ కోడ్ భాగాన్ని యూనిక్స్ పరిభాషలో ‘టెక్స్ట్’ అంటారు, ‘టి’ అక్కడిదే.

యంత్రాల వేగం పెరిగి ఆ అవసరం తీరిపోయింది. నేటి లినక్స్ మామూలు ఫైళ్లపై ఈ బిట్‌ను అసలు పట్టించుకోదు. కానీ 1986 నాటి 4.3 బీఎస్‌డీ దీనికి డైరెక్టరీల మీద కొత్త కొలువిచ్చింది. నా దృష్టిలో అసలు విలువైనది ఇదే. ఫైలును తుడిచేయాలంటే కావాల్సింది ఆ ఫైలుపై హక్కు కాదు, దాన్ని పెట్టుకున్న డైరెక్టరీలో రాసే హక్కు. చాలామంది తడబడేది ఇక్కడే. డైరెక్టరీకి 777, అంటే అందరికీ అన్ని హక్కులూ, ఇచ్చేస్తే ఎవరి ఫైలునైనా ఎవరైనా తీసేయొచ్చు. ముందు స్టికీ బిట్‌కు గుర్తైన ఒకటిని చేర్చి 1777 ఇస్తే ఫైలు యజమాని, డైరెక్టరీ యజమాని, రూట్ మాత్రమే తీయగలరు, పేరు మార్చగలరు. నలుగురూ వాడే ఫోల్డర్‌కు 777 ఇచ్చే ముందు ఆ ఒకటిని చేర్చండి.