దెయ్యం పక్క రాష్ట్రం భాషే ఎందుకు మాట్లాడుతుంది?

ఈ రోజు హారర్ కామెడీ గురించి మాట్లాడుకుందాం. టాప్ టెన్ లిస్ట్ కాదు, కొంచెం హిస్టరీ. ముందు ఒక ప్రశ్న. సినిమాలో దెయ్యం ఏ భాష మాట్లాడుతుందో ఎప్పుడైనా గమనించారా?

1993లో మలయాళంలో ఫాజిల్ ‘మణిచిత్రతాళు’ తీశాడు. అందులో నాగవల్లి తమిళ నాట్యగత్తె. ఆమె పూనినప్పుడు శోభన తమిళం మాట్లాడుతుంది. అదే కథ 2004లో కన్నడలో ‘ఆప్తమిత్ర’, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’ అయింది. ఆ రెండింట్లో ఆమె మన తెలుగమ్మాయి. ‘రారా’ పాట తమిళ సినిమాలో కూడా తెలుగులోనే ఉంటుంది. 2007లో హిందీకి పోయి ‘భూల్ భులయ్యా’ అయ్యేసరికి దెయ్యం బెంగాలీ అయిపోయింది. కథ తెచ్చుకున్నవాళ్లు ఊరు మార్చారు, బంగ్లా మార్చారు, కామెడీ ట్రాక్ మార్చారు. ఈ ఒక్కటి మాత్రం వదల్లేదు. దెయ్యం మనది కాదు, పక్కోళ్లది. ఇంకో మాట, ఆ సినిమాల్లో అసలు దెయ్యమే లేదు. ఉన్నది ఒక జబ్బు, దాన్ని కనిపెట్టే ఒక డాక్టర్. అందుకే అవి పది సార్లు చూసినా పాతబడవు అని నా లెక్క.

ఈ విషయం మా ఊళ్లో ఇంకా బాగా అర్థమవుతుంది. మాది గోదావరిఖని. సింగరేణి బాయిల్లో పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినోళ్లతో నిండిన ఊరు. కాలనీలో ఒక్కో క్వార్టర్‌కు ఒక్కో దెయ్యం కథ ఉండేది. ఏ కథలోనూ దెయ్యం చెప్పేవాళ్ల ఊరిది కాదు. కానీ ఇక్కడ అసలు భయం వేరే. ఇంట్లో మనిషి నైట్ షిఫ్ట్‌కు పోయినప్పుడు అర్ధరాత్రి ఎవరన్నా తలుపు కొడితే, అమ్మలకు గుండె జారిపోయేది. బాయిల పైకప్పు కూలిందేమో, ఆ కబురు చెప్పడానికే వచ్చారేమో అని.

ఇక అందరికీ తెలిసిన ఆ గోడ రాత దగ్గరికి వద్దాం: ‘ఓ స్త్రీ రేపు రా’. తెలుగు పల్లెల్లో, అటు కర్ణాటకలో ‘నాళె బా’ అని, 1990ల్లో తలుపుల మీద రాసుకున్నారు. రాత్రి ఒక ఆడ దెయ్యం తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తదట, తలుపు తీస్తే అయిపోయినట్టే. రాత ఉంటే చదువుకుని వెళ్లిపోతది. మళ్లీ రేపు వస్తది, మళ్లీ చదువుతది. ఒక్కసారి ఆలోచించండి. 1991 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదువొచ్చిన ఆడవాళ్లు మూడో వంతు కూడా లేరు. దెయ్యానికి మాత్రం చదువొచ్చు, పైగా చెప్పిన మాట వింటది! సినిమా వాళ్ల కంటే ముందే జనం హారర్ కామెడీ రాసేశారు.

దీన్ని సినిమా చేసింది కూడా మనోళ్లే. రాజ్, డీకే ఇద్దరూ చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసి సినిమాల్లోకి వచ్చారు (అవును, నాకు ఈ పార్ట్ చాలా ఇష్టం). వాళ్లు రాసిన ‘స్త్రీ’ 2018లో వచ్చింది, డైరెక్టర్ అమర్ కౌశిక్. కథ మధ్యప్రదేశ్‌లోని చందేరీలో జరుగుతుంది. దెయ్యం మగవాళ్లనే ఎత్తుకుపోతది, బట్టలు మాత్రం మిగులుతాయి. దాంతో చీకటి పడితే మగవాళ్లు బయటికి రారు, ఒంటరిగా వదిలి పోవద్దని ఆడవాళ్లను బతిమాలుతారు. అక్కడ హాలంతా నవ్వుతుంది. కానీ ఆ నవ్వులో ఏముంది? రోజూ ఆడపిల్లలు పడే భయాన్ని మగాడి మీద పెట్టి చూపించారు, అంతే. చివర్లో గోడ మీద రాత కూడా మారిపోతుంది, రేపు రా అని కాదు, కాపాడు అని.

2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ హిట్టయ్యాక తెలుగులో దెయ్యం కామెడీలు వరుసగా వచ్చాయి. చాలావాటిలో దెయ్యం అరుస్తది, కమెడియన్ పరిగెత్తుతాడు, ఆఖరికి పూజ చేసి పంపించేస్తారు. టీవీలో వస్తే చూస్తాం, తెల్లారితే మర్చిపోతాం. 2017లో వచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ గుర్తుంది, ఎందుకంటే అందులో దెయ్యాలే మనుషులకు భయపడతాయి.

ఆ భయంలో న్యాయం ఉంది కూడా. బాణామతి చేసిందని అనుమానంతో మనిషిని చెట్టుకు కట్టేసి కొట్టిన వార్తలు, చంపేసిన వార్తలు తెలంగాణ పేపర్లలో ఇప్పటికీ వస్తున్నాయి. అనుమానం ఎవరి మీద పడుతుందో చూడండి. ఒంటరి అవ్వ, వెనక ఎవరూ లేని కుటుంబం. అక్కడ పక్కోళ్లు సినిమాలో పాత్ర కాదు, ఊళ్లో బతికే మనిషి. అందుకే మంత్రగాడిని హీరో చేసి చప్పట్లు కొట్టించుకునే సినిమా నాకు నవ్వు తెప్పించదు.

‘ఓ స్త్రీ రేపు రా’ రాత మీ ఊళ్లో ఏ పాత తలుపు మీదన్నా ఇంకా మిగిలి ఉంటే ఫోటో తీసి పంపండి. ఎప్పుడు రాశారో, ఎవరు చెబితే రాశారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి అది కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్ వాటితోనే చేద్దాం.