కోలాల ఆసుపత్రి

ఆస్ట్రేలియాలోని పోర్ట్ మక్వారీ పట్టణమున 1973లో కోలా యను సంచిజంతువుల కొరకు ఒక ఆసుపత్రి వెలసినది. స్వచ్ఛంద సేవకుల శ్రమ, ప్రజల విరాళములే దానికి ప్రధానాధారము.

కోలాకు ఆహారము, నివాసము రెండును మన జామాయిలు జాతికి చెందిన యూకలిప్టసు చెట్లే. మంటలు వచ్చినపుడు అది పారిపోదు. చెట్టు కొనకు ఎగబ్రాకును. 2019లో కార్చిచ్చు చెలరేగగా పెక్కు కోలాలు ఆహుతియైనవి. కొన్ని కాలిన పాదములతో ఆసుపత్రి చేరినవి.

అడవిలో నీటితొట్లు అమర్చుటకై ఆసుపత్రివారు 25,000 డాలర్లు అర్థించిరి. దేశదేశములనుండి 70 లక్షల డాలర్లకు పైగా అందినవి! తొట్లతో ఆగక, ఆ ధనముతో కోలాల సంతతిని పెంచు కార్యక్రమమును తలపెట్టిరి.

అయినను 2022లో న్యూ సౌత్ వేల్సు, క్వీన్సులాండు రాష్ట్రములలో కోలాను అంతరించు ప్రమాదమున్న జీవిగా ప్రకటింపవలసి వచ్చినది. విరాళముతో గాయము మానును. కోలుకొన్న కోలాను విడుచుటకు అడవి నిలిచియుండవలెను కదా!