హాథ్ ఒకచోట, ఆవాజ్ మరోచోట

మా అబ్బాకు ఫాలిజ్ వచ్చి రెండేళ్లయింది. ఎడమ చెయ్యి పడిపోయింది. అల్లా దయవల్ల మాట, కుడి చెయ్యి మిగిలాయి. ఊరి ఉర్సులో ముప్పై ఏళ్లు ఖవ్వాలీ పార్టీలో పేటీ వాయించిన మనిషి. హార్మోనియం తెలిసినవాళ్లకు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కుడి చెయ్యి మెట్ల మీద, ఎడమ చెయ్యి తిత్తి మీద. తిత్తి ఆడకపోతే మెట్లు ఎన్ని నొక్కినా పేటీ గూంగీయే.

తిత్తి నేను ఆడిస్తానని ఒకసారి కూర్చున్నాను. ఆయన కింద కూర్చోలేరు. మంచం మీద పేటీ కుదురుగా నిలవలేదు. బరువంతా కాళ్ల మీద పడుతోందని పది నిమిషాలకే మూసేయమన్నారు.

మొన్న వేసవి సెలవుల్లో నా కొడుకు రెండు ట్యాబ్‌లు తెచ్చాడు. ఒకటి అబ్బా ఒళ్లో పెట్టాడు. అందులో మెట్ల బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. రెండోది హాల్లో స్పీకర్ పక్కన పెట్టాడు. మధ్యలో వైరు లేదు. అబ్బా వేలు పెట్టగానే హాల్లోంచి పేటీ ఆవాజ్ వచ్చింది. ఉలిక్కిపడి అటు చూసి, "హవా కోన్ దేతా రే?" అన్నారు. గాలి ఎవరు ఇస్తున్నారు అని!

పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ఆ సవాల్ చాలా పాతదనిపించింది. దాని వెనక వెయ్యేళ్ల తారీఖ్ ఉంది.

ముందు పేటీ సంగతే చూడండి. 1840లలో పారిస్‌లో అలెగ్జాండ్ర్ దెబాఁ చేసిన హార్మోనియంలో గాలి కాళ్లతో ఇవ్వాలి. వాయించేవాడు కుర్చీలో కూర్చోవాలి. ఆ శతాబ్దం చివరి భాగంలో కలకత్తా కారీగర్ ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీదికి దించాడు. తిత్తిని వెనక్కి మార్చి చేతికి అందించాడు. మన మెహఫిల్‌లో కింద కూర్చుని వాయించే పేటీ అలా వచ్చింది. అప్పటినుంచి ఎడమ చెయ్యే పేటీకి ఊపిరి. ఆ పేటీని పరాయి సాజ్ అన్నవాళ్లూ ఉన్నారు. ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాకా దాన్ని దగ్గరికి రానివ్వలేదు. కొత్త సాజ్ ఏదైనా వెంటనే ఇంటిది కాదు.

ఇక చేతినీ ఆవాజ్‌నూ విడదీసిన పని. మా ఉర్దూ మీడియం స్కూల్లో హారూన్ రషీద్ కథలు చెప్పారు గానీ బనూ మూసా పేరు చెప్పలేదు. ముహమ్మద్, అహ్మద్, హసన్ అనే ముగ్గురు అన్నదమ్ములు. 9వ శతాబ్దపు బగ్దాద్‌లో, బైతుల్ హిక్మత్ జమానాలో పనిచేశారు. తనంతట తానే వాయించుకునే సాజ్ గురించి ఒక రిసాలా రాశారు. నీళ్ల బలంతో గాలి పుడుతుంది, పిల్లనగ్రోవిలోకి వెళ్తుంది. పక్కన ఒక డోలు తిరుగుతుంటుంది. డోలు మీద మేకుల్లాంటి పళ్లు ఉంటాయి. ఒక్కో పన్ను వచ్చినప్పుడు పిల్లనగ్రోవి మీద ఒక్కో రంధ్రం తెరుచుకుంటుంది. పళ్ల వరస మారిస్తే రాగం మారుతుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. డోలులో ఆవాజ్ లేదు. ఏ రంధ్రం ఎప్పుడు తెరవాలో చెప్పే హుకుం మాత్రమే ఉంది. హుకుం వేరు, ఆవాజ్ వేరు, హవా వేరు. మూడింటినీ విడివిడిగా చూడగలిగారు వాళ్లు.

హుకుంను దూరం పంపడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1870లలో అమెరికాలో ఎలైషా గ్రే మెట్లు నొక్కి టెలిగ్రాఫ్ తీగ మీద స్వరాలు పంపాడు. కానీ అతను పంపింది ఆవాజ్‌నే.

హుకుంను మాత్రమే పంపే తరీఖా అందరికీ ఒకటే అయింది 1983లో. అప్పటిదాకా ఒక కంపెనీ కీబోర్డు మాట ఇంకో కంపెనీ కీబోర్డుకు అర్థమయ్యేది కాదు. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో ఇకుతారో కాకెహాషి ముందు నిలబడి అందరికీ ఒకే జబాన్ తయారు చేయించారు. దాని పేరు మిడి. ఆ ఏడు జనవరిలో కాలిఫోర్నియాలో ఇద్దరి కంపెనీల కీబోర్డులనూ తీగతో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. ఈ జబాన్‌కు వాళ్లు ఫీజు అడగలేదు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

మిడి హుకుం చిన్న ఖత్ లాంటిది. ఏ మెట్టు, ఎంత జోరు, ఎప్పుడు వదిలారు. మెట్లకు 0 నుంచి 127 దాకా నంబర్లు. ఒక స్వరం ఖత్ చేరడానికి సెకనులో వెయ్యో వంతు చాలు.

2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అమ్మకానికి వచ్చింది. అదే నవంబర్‌లో దాని కొత్త సాఫ్ట్‌వేర్‌తో మిడి ఖత్‌లు వైఫై మీద వెళ్లడం మొదలైంది. 2014లో బ్లూటూత్ దారి కూడా తెరిచారు. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చాక ఆ ఫోన్లూ, ట్యాబ్‌లూ మిడి నేర్చుకున్నాయి. మా అబ్బా ఒళ్లోని ట్యాబ్ పంపుతున్నది ఆ ఖత్‌నే. ఆవాజ్ పుట్టేది హాల్లోనే.

మొదటి రోజు మేం ఒక గల్తీ చేశాం. స్పీకర్‌ను కూడా బ్లూటూత్‌తో కలిపాం. "పీఛే ఆరా రే," అన్నారు అబ్బా. వేలు ముందు, ఆవాజ్ వెనక. ఖత్ చిన్నది గనక గాలిలో పరిగెడుతుంది. ఆవాజ్ మూట బరువు. దాన్ని కట్టి, మళ్లీ విప్పేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పోతుంది. స్పీకర్‌కు వైరు పెట్టాక సరిపోయింది. సెకనులో వందో వంతు ఆలస్యమైతే ఫికర్ లేదు. మూడు, మూడున్నర మీటర్ల దూరంలో కూర్చున్న తబలా దెబ్బ మనకు చేరడానికీ అంతే పడుతుంది.

అద్దం మీద మెట్లు లోపలికి దిగవు, జోరు తెలియదు. పియానో వాళ్లకు అది పెద్ద లోపం. పేటీకి కాదు. పేటీలో మెట్టు గట్టిగా నొక్కినా ఆవాజ్ పెరగదు, తిత్తి ఆడిస్తేనే పెరుగుతుంది. అబ్బా సవాల్ అందుకే ఖరాగా ఉంది. మిడిలో దానికి జవాబు ఉంది. 11వ నంబరు హుకుం ఆవాజ్‌ను పెంచి తగ్గిస్తుంది. నా కొడుకు తెర అంచున దానికో పట్టీ పెట్టాడు. పైకి జరిపితే నిండు గాలి, కిందికి జరిపితే సన్న గాలి.

కానీ పట్టీ జరపడానికీ ఇంకో చెయ్యి కావాలి.

ఎనిమిదేళ్ల మా బచ్చీ దాదా ఎడమపక్కన కూర్చుంది. మొదట్లో పట్టీని పైకి నెట్టి వదిలేసేది. "ధీరే, సాంస్ లేనే దే," అనేవారాయన. ఊపిరి పీల్చుకోనివ్వమని. నెల గడిచాక ఆయన ముఖం చూసి జరపడం నేర్చుకుంది.

ఈ ఏడు ఉర్సుకు పార్టీవాళ్లు ఒక్క కలాంకైనా రమ్మని కబురు పెట్టారు. అబ్బా రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, "కరెంట్ పోతే?" అన్నారు. పేటీకి ఆ ఫికర్ ఎప్పుడూ లేదు మరి. నేను జవాబు వెతుకుతుంటే ఆయనే అన్నారు: ముందు ఒక మంచి మేజా చేయించు, పేటీ దాని మీద కుదురుగా నిలవాలి.

"పేటీ భీ లేలేవ్. బచ్చీకూ హవా దేనా ఆగయా."