ఇంట్లోనే సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రం: చట్రం నుంచి నాలుగో అక్షం వరకు

హెలికాప్టర్ రెక్కల వంపును కొలత తప్పకుండా తయారు చేయవలసిన అవసరంలోంచి యంత్రాల సంఖ్యా నియంత్రణ పుట్టింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన జాన్ పార్సన్స్ 1940వ దశకం చివర్లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల 1952లో, రంధ్రాలు పొడిచిన టేపు ఆదేశాలతో నడిచే మూడక్షాల మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. నాడు వాక్యూమ్ ట్యూబుల బీరువాలు చేసిన పనిని నేడు అరచేతిలో ఇమిడే ఆర్డునో బోర్డు చేస్తోంది. 2009లో మొదలైన ‘గర్బుల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ యంత్రం అభిరుచి గలవారి ఇళ్లలోకి వచ్చింది.

యంత్రం కట్టుకోదలచినవారు సాధారణంగా మోటార్లు, బోర్డులతో లెక్క మొదలుపెడతారు. ఖర్చు దారి తప్పేది అక్కడే. మిల్లింగ్‌లో పనిముట్టు పళ్లు ఒకదాని వెంట ఒకటిగా జాబ్‌ను కొడుతూ ఉంటాయి. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే రెండు పళ్ల ఎండ్ మిల్ అదే నిమిషంలో 20,000 దెబ్బలు వేస్తుంది. ఆ దెబ్బలకు చట్రం కదిలితే ఎంత ఖరీదైన మోటారు ఉన్నా కొలత నిలవదు. కోసిన ముఖం మీద అలలు పడతాయి, సన్నని ఎండ్ మిల్ విరిగిపోతుంది. అందుచేత డబ్బులో పెద్ద వాటాను చట్రానికి కేటాయించడమే మేలు.

చట్రమే ప్రాణం

మొదటి యంత్రానికి 300 × 400 మి.మీ. బల్ల, 100 మి.మీ. ఎత్తు చాలు. దూలం పొడవు రెట్టింపైతే అదే బలానికి అది ఎనిమిది రెట్లు ఎక్కువగా వంగుతుంది. ఎత్తు రెట్టింపు చేస్తే వంగుడు ఎనిమిదో వంతుకు దిగుతుంది. పెద్ద యంత్రం మీద మోజుపడినవారిని ముంచేది ఈ లెక్కే.

చెక్కకు, ప్లాస్టిక్‌కు టీ-స్లాట్ అల్యూమినియం కడ్డీలు సరిపోతాయి. అల్యూమినియం జాబ్‌లు కోయాలంటే మందపాటి పలకలో, చదరపు ఉక్కు గొట్టాలో కావాలి. అయితే వెల్డింగ్ వేడికి గొట్టాలు వంకర తిరుగుతాయి. కాబట్టి లీనియర్ రైళ్లు కూర్చునే ముఖాలను వెల్డింగ్ తరువాత ఏదైనా వర్క్‌షాపులో చదును చేయించుకోవాలి. హైదరాబాద్‌లోని బాలానగర్, కోయంబత్తూరు, రాజ్‌కోట్ వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో ఇలాంటి జాబ్ వర్క్ కొత్త కాదు. గొట్టాల లోపల గ్రానైట్ రవ్వ, ఎపాక్సీ కలిపి నింపితే కంపనం బాగా అణుగుతుంది. స్పిండిల్‌ను మోసే దూలం స్థిరంగా ఉండి, కింది బల్ల కదిలే అమరిక లోహపు పనికి ఎక్కువ గట్టిది. దానికి స్థలం మాత్రం ఎక్కువ పడుతుంది.

లంబకోణాన్ని మూలమట్టంతో చూసి వదిలేయకూడదు. 300, 400 మి.మీ. భుజాల దీర్ఘచతురస్రం మూలల్లో నాలుగు చిన్న రంధ్రాలు వేసి వికర్ణాలు కొలవాలి. రెండూ 500 మి.మీ. రావాలి. వాటి మధ్య ఒక మి.మీ. తేడా ఉంటే, 300 మి.మీ. పొడవున 0.6 మి.మీ.కు పైగా వాలు ఉన్నట్లే. ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌లో దాచడం కంటే బోల్టులు వదులుచేసి దూలాన్ని సరిదిద్దడమే ఉత్తమం.

కదలిక, కరెంటు

16 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. పిచ్ గల బాల్ స్క్రూకు నెమా 23 స్టెప్పర్ మోటారు జత కుదురుతుంది. మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్‌లో మైక్రోస్టెప్పును 8కి పెడితే 1,600 అవుతాయి. అంటే మి.మీ.కు 320. యంత్రాన్ని 100 మి.మీ. జరగమంటే 50 మాత్రమే జరిగిందంటే, డ్రైవర్ మీది స్విచ్చులు 16 వద్ద ఉన్నాయని అనుమానించాలి. తేడా చిన్నదైతే 320 అంకెను వెంటనే మార్చవద్దు. ముందుగా కప్లింగ్ జారుతోందా, బేరింగులు వదులుగా ఉన్నాయా అని చూడాలి. మైక్రోస్టెప్పులు పెంచితే కదలిక నునుపవుతుంది గానీ, కచ్చితత్వం అదే నిష్పత్తిలో పెరగదు. డయల్ గేజ్ పెట్టి అక్షాన్ని ముందుకు, వెనక్కు నడిపితే బ్యాక్‌లాష్ ఎంతో తెలుస్తుంది.

ప్రాణాపాయం ఉన్న భాగం విద్యుత్తు. 1.5 కిలోవాట్ల స్పిండిల్‌ను ఇంట్లోని 6 యాంపియర్ల ప్లగ్గుకు కలపరాదు. దానికి 16 యాంపియర్ల ప్రత్యేక లైను, నమ్మకమైన ఎర్త్ ఉండాలి. స్పిండిల్ వేగాన్ని నియంత్రించే వీఎఫ్‌డీలోని కెపాసిటర్లు స్విచ్ ఆపిన తరువాత కూడా కొన్ని నిమిషాలు ప్రమాదకరమైన వోల్టేజీని నిలుపుకుంటాయి, వెంటనే మూత తీయకూడదు. వీఎఫ్‌డీ తీగలు లిమిట్ స్విచ్ తీగల పక్కనే సాగితే, యంత్రం హద్దు తాకకుండానే పని మధ్యలో ఆగిపోతుంది. కారణం దొరక్క రోజులు గడిచిపోయే లోపం ఇది. షీల్డ్ ఉన్న తీగలు వాడి, రెండింటినీ దూరంగా నడపాలి. స్టెప్పర్ తీగను కరెంటు ఉండగా పీకితే డ్రైవర్ కాలిపోవచ్చు. ఎర్ర ఎమర్జెన్సీ బటన్ బోర్డుకు సంకేతం పంపితే చాలదు, కాంటాక్టర్ ద్వారా మోటార్లకు, స్పిండిల్‌కు సరఫరానే తెంచాలి. కళ్లద్దాలు తప్పనిసరి. తిరిగే స్పిండిల్ దగ్గర చేతి తొడుగులు, వేలాడే పొడవు చేతుల చొక్కా ఉండకూడదు.

నాలుగో అక్షం ఎప్పుడు?

మూడక్షాలు కొన్ని నెలలు నిలకడగా పనిచేశాకే తిరుగుడు అక్షం జోలికి వెళ్లాలి. అదే మోటారుకు ఆరింటికి ఒకటి నిష్పత్తిలో బెల్టు వేస్తే చుట్టుకు 9,600 అడుగులు, అంటే అడుగుకు 0.0375 డిగ్రీలు. కేంద్రం నుంచి 50 మి.మీ. దూరంలో అది 0.03 మి.మీ. పైచిలుకు. చిన్న గేర్లకు, చెక్కిన స్తంభాలకు ఇది చాలు.

మూల గర్బుల్ మూడక్షాలకే పరిమితం. నాలుగోదానికి గర్బుల్‌హాల్ గానీ లినక్స్‌సీఎన్‌సీ గానీ కావాలి. ఐదక్షాలూ ఒకేసారి కదలాలంటే తిరుగుడు కేంద్రాల స్థానాలు కచ్చితంగా తెలియాలి. అక్కడ జరిగే చిన్న పొరపాటు జాబ్ అంతటా వ్యాపిస్తుంది. ఇంటి యంత్రానికి జాబ్‌ను ఒక కోణానికి తిప్పి, బిగించి, మిగిలిన మూడక్షాలతో కోసే పద్ధతే ఆచరణయోగ్యం.

మొదటి ప్రోగ్రామును గాలిలోనే, జాబ్‌కు 20 మి.మీ. పైన నడిపించాలి. తరువాత మెత్తని చెక్క, ఆపైన అల్యూమినియం. 10,000 వేగం, రెండు పళ్లు, పంటికి 0.03 మి.మీ. చొప్పున ఫీడ్ నిమిషానికి 600 మి.మీ. అవుతుంది. కోత లోతును మాత్రం అర మి.మీ.లోపే మొదలుపెట్టి, శబ్దం వింటూ పెంచుకోవాలి. యంత్రం కీచుమంటే లోతో ఫీడో మార్చాలి. పొట్టు బదులు మెత్తని పొడి రాలుతుంటే పళ్లు కోయడం మాని రాసుకుంటున్నాయని అర్థం, అప్పుడు ఫీడ్ పెంచాలి లేదా వేగం తగ్గించాలి.