గాజుల లక్ష్మీనరసు చెట్టి

గాజుల లక్ష్మీనరసు చెట్టి (1806–1868) మద్రాసుకు చెందిన తెలుగు వర్తకుడు, పత్రికాధిపతి, దక్షిణ భారతంలో తొలి రాజకీయ సంఘమైన మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపకుడు. తండ్రి సిద్ధులు చెట్టి నీలిమందు వ్యాపారి. లక్ష్మీనరసు చదువు ముగిశాక తండ్రి వ్యాపారంలో చేరి సంపన్నుడయ్యాడు.

ప్రభుత్వ విద్యాలయాల్లో బైబిలును పాఠ్యాంశం చేసే ప్రయత్నాలను, మత ప్రచారానికి అధికారుల అండను ఎదిరించేందుకు 1844లో క్రెసెంట్ అనే ఆంగ్ల పత్రికను నెలకొల్పాడు.

1852లో ఏర్పడిన అసోసియేషన్ మొదట కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్‌కు శాఖ. అదే ఏడు విడిపోయి స్వతంత్రమైంది. ఈస్టిండియా కంపెనీ చార్టరు పునరుద్ధరణ చర్చకు వస్తున్న వేళ అది బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన అర్జీలో భూమిశిస్తు భారం, న్యాయస్థానాల జాప్యంతో పాటు శిస్తు వసూలులో రైతులపై జరిగే హింస ప్రధానాంశం. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమర్ మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి రైతుల గోడు స్వయంగా విన్నాడు. 1854లో నియమితమైన చిత్రహింసల విచారణ సంఘం మరుసటి ఏడు నివేదిక ఇస్తూ ఆరోపణలు నిజమేనని తేల్చింది. వేళ్లను చెక్కల మధ్య నొక్కే కిట్టి, మనిషిని వంచి కట్టివేసే శిక్ష అందులో నమోదయ్యాయి. ఓటు హక్కు లేని రైతుల మాట లండన్ దాకా చేరడం ఆ కాలానికి అసాధారణం.

1863లో లక్ష్మీనరసు మద్రాసు శాసన మండలికి నియమితుడయ్యాడు. ఆస్తిలో అధికభాగం ప్రజా కార్యాలకే ఖర్చయింది. 1868లో పేదరికంలో మరణించాడు.