తొలకరికి తోట విడిచే ఊపిరి

మృగశిర కార్తె వచ్చింది. ఆఖరి కోత ఎక్కిన ట్రాక్టర్ నున్న మార్కెట్‌కు వెళ్లిపోయింది. నూజివీడు శివార్లలో ఓ ముసలి చిన్నరసం చెట్టు కింద మీరున్నారు. రోహిణి ఎండలకు పెంకులా బిగిసిన ఎర్రనేల మీద చినుకులు టపటపా రాలుతున్నాయి. గుప్పున మట్టి వాసన. అందులో పెద్ద పాలు స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా తయారుచేసిన జియోస్మిన్‌ది.

వంగి ఆకులు తీయండి. పైవి ఈ వేసవిలో రాలినవి. మందంగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. కింద నిరుటివి, ఈనెలే మిగిలాయి. ఇంకా కింద రెండాకుల్ని పట్టి ఉంచిన తెల్లని బూజు దారాలు. ఈనెలకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విరగ్గొట్టడం బ్యాక్టీరియాకు అంతగా చేతకాదు. ఆ మొండిపని ఈ దారాలదే. అడుగున ఆకు ఆనవాలే లేదు, చల్లని నల్లమన్ను.

వాన జోరందుకుంది. ఎండలకు చచ్చినవి చావగా, మిగిలిన సూక్ష్మజీవులు నీళ్లు దక్కించుకోవడానికి ఒంట్లో చక్కెరలవంటివి దాచుకున్నాయి. ఇప్పుడు తడి తగలగానే వాటినన్నిటినీ బయటికి కక్కేస్తాయి. బతికినవి విందుకు దిగుతాయి. కొద్ది గంటల్లో నేల విడిచే కార్బన్ డయాక్సైడ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. కెన్యా నేలల మీద పనిచేసిన శాస్త్రవేత్త బర్చ్ 1958లో దీన్ని వివరించాడు. ఆయన పేరే దీనికి నిలిచింది. కంటికి కనబడాలంటే పళ్లెంలో సున్నపు తేట పోసి, నేల మీద పెట్టి, పైన గాజు గిన్నె బోర్లించండి. కాసేపటికి తెల్లని పొర కడుతుంది.

ప్రపంచమంతా కలిపి నేల సూక్ష్మజీవులు ఏటా వదిలే కార్బన్ 5,000 కోట్ల టన్నుల పైమాటే. బొగ్గు, చమురు, గ్యాస్ మండించి మనం వదిలేది సుమారు 1,000 కోట్ల టన్నులు. అయినా గాలిలో కార్బన్ పెరగడంలో తప్పు వాటిది కాదు. ఆ కార్బన్‌ను ఆకులు గాలిలోంచే తీసుకున్నాయి, రేపు ఈ చెట్టు వేసే చివుళ్లు మళ్లీ తీసుకుంటాయి. బొగ్గు కార్బన్ కోట్ల ఏళ్లుగా లెక్కలో లేనిది.

పక్క తోటలో నిప్పు పెట్టిన ఆకుల పోగు తడిసి పొగలు కక్కుతోంది. “తగలెట్టేస్తే పామూ పురుగూ ఉండదు కదండీ,” అంటాడు కాపలా తాత. పాము సంగతి నిజమే. మచ్చతెగులు పట్టిన కొమ్మల్నీ కాల్చాల్సిందే. కానీ మంచి ఆకుల్ని మంటకిస్తే కార్బన్ దాదాపు అంతా ఒక్క పూటలో పోతుంది, బూడిద మిగులుతుంది. సూక్ష్మజీవులూ చాలావరకు గాలికే వదులుతాయి గానీ నిదానంగా. తిని చచ్చిన వాటి శరీరాలు బంకమట్టి రేణువులకు అతుక్కుని ఏళ్ల తరబడి ఉండిపోతాయి. “ఆకుల్ని పాదులో వెయ్యి తాతా, మొదలుకు ఆనకుండా,” అనండి.